పై లిఫ్టు తెరిచిన పూట

పొద్దున మేము మంచుకొండ మీదికి చేరేసరికి పై లిఫ్టు మూసేసి ఉంది. కింద రెండు చిన్న లిఫ్టులు మాత్రం నడుస్తున్నాయి. తీగకి వేలాడుతూ పైకి వెళ్ళే కుర్చీల వరస మనుషులెవరూ లేకుండా గాలికి అటూ ఇటూ ఊగుతోంది. గాలి తగ్గేదాకా నడపబోమని బోర్డు పెట్టారు. ఎప్పుడు తగ్గుతుందని లిఫ్టు దగ్గర డ్యూటీలో ఉన్న ఆవిణ్ణి అడిగాను. ఆవిడ ఆకాశం వైపు ఓసారి చూసి, మధ్యాహ్నం తెరవొచ్చు, తెరవకపోనూవచ్చు అంది. ఈ మాత్రం చెప్పడానికి నిన్ను చలిలో నిలబెట్టడం ఎందుకమ్మా అని లోపల్లోపల విసుక్కున్నాను. నాకు కోపం తొందరగా వస్తుంది. ఆ ఏడాది మరీ తొందరగా వచ్చేది.

నా కూతురు ఆ బోర్డు చదివి, "వెయిట్ చేద్దాం" అంది. అంతే. ఆ పిల్ల అప్పట్లో నాతో మాట్లాడే మాటలన్నీ ఆ సైజులోనే ఉండేవి.

మా ఆయన పోయిన తర్వాత వచ్చిన మొదటి చలికాలం అది. వేసవి చివర్లో పోయారు. నా కూతురు అప్పుడే యూనివర్సిటీలో చేరింది. ద పాండ్స్ అనే పేటలో మా ఇంట్లో ముగ్గురం ఆడవాళ్ళం మిగిలాం. నేను, నా కూతురు, మా అత్తయ్య.

మా ఆయన పుట్టిందీ పెరిగిందీ బెజవాడలో. రోహిణి కార్తె ఎండల్లో తడిగుడ్డ కప్పుకుని పడుకుని చదువుకున్న మనిషి, నలభై దాటాక ఈ దేశంలో మంచు మీద జారే స్కీయింగ్ నేర్చుకున్నారు. నేర్చుకుని ఊరుకున్నారా అంటే అదీ లేదు. మన తెలుగువాళ్ళ విందుల్లో మిగతా మగవాళ్ళంతా ఇళ్ళ రేట్లు మాట్లాడుకుంటుంటే, ఈయన స్నోయీ మౌంటెన్స్‌లో రాత్రి ఎంత మంచు పడిందో చెప్పేవారు. వినేవాడు మొహమాటానికి తలూపితే ఫోన్ తీసి కొండ మీది వెబ్‌క్యామ్ చూపించేవారు. ఇక్కడ జూలై అంటే నడి చలికాలం. ప్రతి జూలైలోనూ మమ్మల్ని కారెక్కించి తీసుకెళ్ళేవారు. నా కూతురు ఆయన పోలికే. వాళ్ళిద్దరూ పై లిఫ్టెక్కి వెళ్ళి, పొద్దు వాలేదాకా పైనుంచి కిందికీ కిందినుంచి పైకీ తిరుగుతూనే ఉండేవారు.

నేనూ నేర్చుకున్నాను, తప్పక. మొదటిరోజు పిల్లలకి నేర్పే పద్ధతి ఒకటుంది. స్కీల ముందుకొసలు రెండూ దగ్గరికి చేర్చి, పిజ్జా ముక్క ఆకారంలో పెడితే వేగం తగ్గుతుంది. అయిదేళ్ళ పిల్లలు ఒక్కపూటలో ఆ దశ దాటిపోతారు. నేను పదేళ్ళయినా ఆ పిజ్జా దగ్గరే ఉన్నాను.

ఆ జూలైకి కూడా ఆయన ముందే కాటేజీ బుక్ చేసి పెట్టారు. నాకది గుర్తు లేదు. ఓ సాయంత్రం నా కూతురు అన్నం తింటూ, "ఐయామ్ గోయింగ్. నువ్వూ రావొచ్చు" అంది. అత్తయ్య చేతిలో ముద్ద ఆగిపోయింది.

"ఏడాది తిరక్కుండా కొండెక్కుతారుటే?" అంది, నన్ను చూసి.

ఇంట్లో మనిషి పోతే ఏడాదిపాటు కొండల మీది గుళ్ళకి వెళ్ళకపోవడం మనకున్నదే. సింహాచలం అయినా, తిరుపతి అయినా, సంవత్సరీకాల తర్వాతే. అత్తయ్య అన్నీ పట్టిస్తుంది, ఈ దేశంలో కూడా.

"అది దేవుడున్న కొండ కాదత్తయ్యా. మంచున్న కొండ" అన్నాను.

"కైలాసం మీద ఏముంటుందమ్మా మరి, ఇసకా?" అంది.

ఆవిడతో వాదించి గెలిచిన వాళ్ళెవరూ లేరు మా ఇంట్లో, మా ఆయనతో సహా. నా కూతురు కంచం పట్టుకుని లేచి వెళ్ళిపోయింది. చివరికి అత్తయ్యే ఒక ఒప్పందానికి వచ్చింది. ఇంట్లో ఒక్కతే ఉండలేదు కనక తనూ వస్తుంది. కొండ కింద సరస్సు పక్కన ఊళ్ళో, కాటేజీలో ఉంటుంది, కొండ మాత్రం ఎక్కదు. ఆ ఊరే దాదాపు తిరుమలంత ఎత్తులో ఉందన్న సంగతి నేను చెప్పలేదు. కాన్‌బెరా మీదుగా అంత దూరమూ ముగ్గురం ఒక కారులో వెళ్ళాం. దారంతా అత్తయ్యా, నా కూతురూ ఒక్క మాట మాట్లాడుకోలేదు.

ఆ మౌనం సంగతి చెప్పాలి. అది ఆసుపత్రిలో మొదలైంది.

ఆయన పోయిన రోజు నేను పారమట్టా ఆఫీసులో ఉన్నాను. అత్తయ్య పక్క వీధిలో ఎవరింట్లోనో పారాయణానికి వెళ్ళింది. ఆయన ఇంటినుంచి పనిచేస్తున్నారు. నా కూతురికి ఆ రోజు క్లాసులు లేవు. గుండెపోటు వచ్చినప్పుడు ఆయన దగ్గరున్నది అదొక్కతే. ఆంబులెన్సుకి ఫోన్ చేసింది అదే, వాళ్ళు వచ్చేదాకా ఆయన ఛాతీ మీద నొక్కింది కూడా అదే. మేమంతా ఆసుపత్రి చేరేసరికి డాక్టరు మమ్మల్ని పక్కగదిలోకి పిలిచి చెప్పేశాడు. అత్తయ్య అక్కడే కుర్చీలో కూలబడింది. కాసేపయ్యాక తల తిప్పి మనవరాలిని చూసి అడిగింది.

"తులసి తీర్థం సంగతి సరే. ఆఖర్న వాడి నోట్లో చుక్క మంచినీళ్ళయినా పోశావుటే?"

పోయేవాళ్ళ నోట్లో తీర్థం పోస్తాం. గొంతు తడవకుండా పోతే ఆ దాహం మనిషి వెంట పోతుందని ఆవిడ నమ్మకం. ఆవిడ తన భర్తకి పోసింది, తన అత్తగారికి పోసింది. కొడుకు పోయిన కబురు వినగానే ఆవిడకి తట్టిన మొదటి ప్రశ్న అది. నా కూతురు ఆవిడ వైపు ఒక్క క్షణం చూసి, గదిలోంచి బయటికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత వాళ్ళిద్దరి మధ్యా మాటల్లేవు.

నేను అత్తయ్య మీద విరుచుకుపడ్డాను. పిల్ల ఒళ్ళు వణుకుతుంటే తీర్థం గొడవేమిటని అడిగాను. నా కూతురు ఆ చాదస్తానికే అలిగిందనుకున్నాను. ఇక్కడ పుట్టిన పిల్ల, దానికి ఇవన్నీ ఏం అర్థమవుతాయి అనుకున్నాను. నెల మాసికాలప్పుడు పురోహితుడు చెప్పిన చోటల్లా కూచుని, చెప్పినవన్నీ చేసింది కానీ, అన్నాల వేళ తప్ప నాన్నమ్మ ఉన్న గదిలో ఉండేది కాదు. "దానికి పాలు కావాలేమో అడుగు" అని అత్తయ్య నాతో అనేది, అది ఎదురుగా కూచుని ఉన్నా. నేను మధ్యలో నిలబడి మాటలు మోసేదాన్ని. మోయాల్సిన మాటలు కూడా పెద్దగా ఉండేవి కావు. పాలు, పెరుగు, హీటర్.

నాతో కూడా ఆ పిల్ల ఆ రోజు గురించి ఏమీ చెప్పలేదు. నేను అడిగాను. మెల్లిగా అడిగాను, బతిమాలి అడిగాను, ఒకసారి కోప్పడి అడిగాను. అడిగినప్పుడల్లా లేచి వెళ్ళిపోయేది. ఆయనతో ఇన్నేళ్ళ కాపురంలో నాకు తెలియనిది ఏమీ లేదు. ఏ చెప్పు ముందు అరుగుతుందో తెలుసు, ఏ అబద్ధం ఎప్పుడు చెబుతారో తెలుసు. ఆ చివరి కాసేపు మాత్రం నాకు తెలియదు. నొప్పి బాగా వచ్చిందా, భయపడ్డారా, నన్ను అడిగారా, ఆఖరికి ఏమన్నారు. తెలిసినది ఒక్క మనిషికే, ఆ మనిషి నా పక్కగదిలోనే పడుకుని నాకు చెప్పదు. నేను ఆ కొండకి వెళ్ళింది మంచు కోసం కాదు. అక్కడైనా నోరు విప్పుతుందేమోనని వెళ్ళాను.

ఆ రోజు వాతావరణానికి ఒక తీరూ తెన్నూ లేదు. పొద్దున్నే నేల గట్టి ఐసై, స్కీల కింద గరగరలాడింది. నేను కింది వాలు మీద నా పిజ్జాతో నెమ్మదిగా జారుతుంటే, నా పక్కనించి చిన్నపిల్లలు జుయ్యిమని వెళ్ళిపోయారు. కాసేపటికి ఎండ వచ్చింది. మెడ చుట్టూ ఉన్నది విప్పుదామనుకునేలోగా సన్నటి వాన మొదలైంది, అది వానో మంచో తేల్చుకునేలోగా గాలి దాన్ని అడ్డంగా తెచ్చి మొహాన కొట్టింది. స్నో గమ్ అనే యూకలిప్టస్ చెట్లు అన్నీ ఒకే వైపుకి వంగి ఉంటాయి అక్కడ. ఎందుకలా పెరిగాయో ఆ రోజు బాగా అర్థమైంది. జనం చాలామంది విసుగొచ్చి మధ్యాహ్నానికే కార్ల దగ్గరికి వెళ్ళిపోయారు.

మేము కెఫెలో ఒక మూల కూచుని, అత్తయ్య కట్టిచ్చిన పులిహోర తిన్నాం. నా కూతురు నాలుగు ముద్దలు తిని డబ్బా మూసింది. ప్రతి కాసేపటికీ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి పై లిఫ్టు వైపు చూసి వచ్చేది.

"ఇక తెరవరేమో. దిగిపోదాం" అన్నాను.

"నువ్వు వెళ్ళు, అమ్మా. నేనుంటాను."

"ఆ లిఫ్టులో ఏముందే అంత?"

లేచి మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళింది. నాన్నతో తిరిగిన చోటు కదా, చూసుకోవాలనుకుంటోంది అనుకున్నాను. ఇంకో కాఫీ తెచ్చుకుని కూచున్నాను. అది కాఫీ కాదు, వేడి నీళ్ళకి రంగు వేశారు. అదే తాగాను.

మధ్యాహ్నం దాటాక గాలి కొంచెం మెత్తబడింది. మైకులో ఏదో చెప్పారు. నాకు అర్థమయ్యేలోగానే నా కూతురు హెల్మెట్ పెట్టేసుకుని నిలబడింది. నేనెప్పుడూ పై లిఫ్టు ఎక్కలేదు. పైనుంచి దిగే వాలు నా వల్ల అయ్యేది కాదని ఆయనే అనేవారు. కానీ ఆ రోజు దాన్ని ఒక్కదాన్నీ పంపడం నా వల్ల కాలేదు.

"నేనూ వస్తాను" అన్నాను.

నా వైపు చూసి, సరేనంది. వద్దంటుందనుకున్నాను.

కుర్చీలో మేమిద్దరమే. అడ్డంగా ఇనప కడ్డీ దించుకున్నాం. కింద చెట్లు తగ్గిపోయి, ఉత్త రాళ్ళూ మంచూ మిగిలాయి. సగం దూరం వెళ్ళామో లేదో, ఒక విసురు గాలి వచ్చింది. లిఫ్టు ఆగిపోయింది. కుర్చీ ముందుకీ వెనక్కీ ఊగింది. నేను కళ్ళు మూసుకుని తెలిసిన దేవుళ్ళందరినీ తలుచుకున్నాను. కొండ సంగతి అత్తయ్య చెప్పినప్పుడే వినాల్సింది అనుకున్నాను కూడా.

"ఇట్స్ ఓకే, అమ్మా. మళ్ళీ స్టార్ట్ చేస్తారు" అంది నా కూతురు. ఊగడం కొంచెం తగ్గాక అడిగింది. "నాన్నమ్మ ఇంకా దాని గురించే అనుకుంటోందా?"

"దేని గురించి?"

"వాటర్."

అది ముందుకే చూస్తోంది, నేనూ ముందుకే చూశాను. అప్పుడు చెప్పింది. చెప్పిందంతా ఇంగ్లీషులోనే. నా చెవిన పడేసరికి అది తెలుగైపోయింది కనక అలాగే రాస్తున్నాను.

"డాడీ పెరట్లో బట్టలు ఆరేసి లోపలికొచ్చారు. ఛాతీ పట్టేసినట్టుంది అన్నారు. వంటింట్లో కింద కూచున్నారు, సింక్ పక్కన, కప్‌బోర్డుకి ఆనుకుని. నేను ఎమర్జెన్సీకి ఫోన్ చేశాను. ఆ లేడీ చాలా నిదానంగా మాట్లాడింది. తినడానికి కానీ తాగడానికి కానీ ఏమీ ఇవ్వొద్దని చెప్పింది. ఆవిడ అలా చెప్పగానే డాడీ నీళ్ళడిగారు."

గాలి మళ్ళీ వచ్చింది. గాలి తగ్గేదాకా నా కూతురు ఆగింది.

"కొంచెం వాటర్ ఇవ్వొచ్చా అని ఆవిణ్ణి మళ్ళీ అడిగాను. నో, డార్లింగ్ అంది. ఆంబులెన్స్ వస్తోంది డాడీ, వచ్చాక తాగుదురుగాని అన్నాను. ఆయన సరేనన్నారు. చాలా మంచిగా సరేనన్నారు, అమ్మా. కాసేపయ్యాక మళ్ళీ అడిగారు. టాప్ అక్కడే ఉంది. నేను లేచి నిలబడితే చాలు. నేను నో అన్నాను. ఇంక ఆ తర్వాత ఆయన మాట్లాడలేదు. తర్వాత ఊపిరి ఆగిపోయింది, ఆ లేడీ ఛాతీ మీద ఎలా నొక్కాలో చెప్పింది. నాన్నమ్మ వచ్చి అదే అడిగింది. ఇంకేదైనా అడగొచ్చు కదా."

ఇన్ని నెలలు నేను ఎదురుచూసిన ఆఖరి మాట అది. నా పేరు కాదు, ఎవరి పేరూ కాదు, నీళ్ళు. నాకు ఏడుపు రాలేదు. ఆ మాట ఈ పిల్ల ఒక్కతే ఇన్నాళ్ళు మోసింది. ఆసుపత్రిలో గదిలోంచి బయటికి వెళ్ళిపోయింది అలిగి కాదు. అత్తయ్య ప్రశ్నకి దాని దగ్గర సమాధానం ఉంది, అది చెప్పలేక.

"ముందే చెప్పొచ్చు కదే నాకు" అన్నాను.

"ఇంట్లో అయితే నేను లేచి వెళ్ళిపోతాను. ఇక్కడైతే వెళ్ళలేను కదా" అంది. పై లిఫ్టు కోసం పొద్దున్నుంచీ ఎందుకు కాచుకుని కూచుందో అప్పుడు తెలిసింది.

ఒక్క కుదుపుతో కుర్చీ కదిలింది. దగ్గరికి తీసుకుందామంటే మధ్యలో స్కీ కర్రలు, మోకాళ్ళ మీద ఇనప కడ్డీ, కాళ్ళకి చెరో రెండు బద్దలు. పై స్టేషన్ వచ్చేసింది. కడ్డీ ఎత్తి, లేచి, జారి పక్కకి తప్పుకోవాలి, లేకపోతే వెనక కుర్చీ వచ్చి తగులుతుంది. జీవితంలో అతి ముఖ్యమైన మాట విన్న మరుక్షణం నేను చేసిన పని అది, పక్కకి తప్పుకోవడం.

పైన ఏమీ కనిపించలేదు. మబ్బు వచ్చి కొండ మీద కూచుంది. నేలా ఆకాశమూ ఒకే తెలుపు. దారి పక్కన పాతిన కర్రలు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి మసగ్గా తెలుస్తున్నాయి. నా కూతురు ఒక కర్ర దాకా జారి ఆగేది, నా కోసం చూసేది. నేను దాని ఎర్ర జాకెట్‌నే గురిపెట్టుకుని వెళ్ళేదాన్ని. వాలు ఎటు ఉందో కంటికి తెలియదు, కాలికే తెలియాలి. మూడో కర్రకో నాలుగో కర్రకో పడ్డాను. దెబ్బేమీ తగల్లేదు. లేవబుద్ధి కాలేదు, అంతే. అది పక్కవాటుగా అడుగులేసుకుంటూ పైకి వచ్చి, నా పక్కన నిలబడింది.

నేను మంచులో పడుకునే చెప్పాను. "నువ్వు చేసింది రైటే."

"ఐ నో."

"డాక్టర్లయినా అదే చెప్తారు."

"ఐ నో, అమ్మా. ఎవరిని అడిగినా రైట్ అనే అంటారు. నేను గూగుల్ కూడా చేశాను, చాలాసార్లు. రైటే." నా జాకెట్ మీది మంచు దులుపుతూ అంది. "కానీ ఆయనకి దాహం వేసింది."

పక్కన ఇంకెవరైనా ఉంటే వాళ్ళ మీద అరిచేదాన్ని. ఫోన్లో ఆ నిదానపు గొంతు మీద కోపం వచ్చింది, అత్తయ్య మీద వచ్చింది, అందరికంటే ఎక్కువ ఆయన మీదే వచ్చింది. రెండు వారాలుగా ఛాతీలో మంటంటే ఎసిడిటీ అని మాత్రలు మింగి తిరిగిన మనిషి. నీళ్ళు అడగడానికి ఇంకెవరూ దొరకలేదా మీకు, ఇంత చిన్నపిల్లని అడగాలా అని మనసులో ఆయన్ని తిట్టాను. తిడుతూ ఏడ్చాను. గాగుల్స్ లోపలంతా ఆవిరి పట్టి, కనిపిస్తున్న ఆ కాస్త కూడా కనిపించకుండా పోయింది.

నా కూతురు వంగి నా కర్రలు ఏరి ఇచ్చింది. లేచాను. కొంత దూరం దిగేసరికి మబ్బు ఉన్నట్టుండి పక్కకి జరిగింది. కింద లోయంతా ఎండలో మెరిసిపోతూ, దూరాన సరస్సు దాకా కనిపించింది. అప్పుడు అంత అందంగా ఉండడం నాకు నచ్చలేదు. మేము కింది స్టేషన్ చేరకుండానే మళ్ళీ గాలి లేచింది, మా వెనకే పై లిఫ్టు ఆపేశారు.

కారులో దిగుతుంటే మంచు వానగా మారింది. నేను నడుపుతున్నాను. వంపులన్నీ దాటి, రోడ్డు కాస్త తిన్నగా అయ్యాక చెప్పాను.

"నాన్నమ్మకి మాత్రం ఈ సంగతి చెప్పకు."

"ఎందుకు?"

"ఆవిడ తట్టుకోలేదు. ఎనభైకి దగ్గరపడిన మనిషి. కొడుకు నీళ్ళడిగి, తాగకుండా పోయాడని తెలిస్తే ఇంకేమన్నా ఉందా? ఇంక జన్మలో ఆవిడ గొంతులోంచి ముద్ద దిగదు. నిన్ను కూడా..." అని ఆగాను.

"నన్ను కూడా ఏంటి?"

"నీకూ మాట పడుతుంది. నేను వినలేను."

నా కూతురు కిటికీలోంచి బయటికి చూస్తూ కూచుంది. నేను నిజంగానే భయపడ్డాను. ఉన్నది ముగ్గురం. అత్తయ్య నోటి నుంచి ఒక్క మాట జారితే, ఈ పిల్ల ఇంట్లోంచి వెళ్ళిపోతుంది. ఎక్కడో యూని దగ్గర గది తీసుకుని, పండక్కి కూడా రాదు. పోనీ అత్తయ్య ఏమీ అనకపోయినా, మూగగా కుమిలి కుమిలి మంచం పట్టేస్తుంది. ఎటు చూసినా ఇంకో మనిషిని పోగొట్టుకునేది నేనే. ఆ ఊరు చేరేలోగా ఇంకో రెండుసార్లు చెప్పాను, చెప్పకు చెప్పకు అని. అది అవునూ అనలేదు, కాదూ అనలేదు. పెదాలు మాత్రం మెల్లిగా కదులుతున్నాయి. పాట ఏదో పాడుకుంటోందనుకున్నాను.

కాటేజీ తలుపు తీసేసరికి చారు వాసన వచ్చింది. అత్తయ్య చీర మీద రెండు స్వెటర్లు వేసుకుని, మేజోళ్ళతో మంచం మీద కూచుని ఉంది.

"దాని కాళ్ళు తడిశాయేమో, చూడు" అంది నాతో.

నా కూతురు జాకెట్ కూడా విప్పలేదు. బూట్లు మాత్రం గుమ్మం దగ్గర వదిలి, నేరుగా వెళ్ళి ఆవిడ ముందు నేల మీద కూచుంది. నేను పిలిచాను. వినిపించుకోలేదు.

"నాన్నమ్మా" అంది. "డాడీ నీళ్ళు అడిగారు. నేను ఇవ్వలేదు. ఫోన్లో వాళ్ళు ఇవ్వద్దు చెప్పారు. డాడీ రెండు సార్లు అడిగారు. నేను రెండు సార్లు ఇవ్వలేదు."

వచ్చీరాని తెలుగు. అయినా ఎక్కడా తడబడలేదు. దారి పొడుగునా కారులో అది కూడబలుక్కుంటూ వచ్చింది ఈ మాటలేనని అప్పుడర్థమైంది నాకు.

అత్తయ్య మొహంలో ఏ మార్పూ కనిపించలేదు. స్టవ్ మీద చారు పొంగుతోంది. కట్టేయాలని తెలుసు, కదల్లేకపోయాను.

"దాహమేసిందా వాడికి" అంది అత్తయ్య.

"ఊఁ."

"పాపం" అంది. ఎవరి గురించి అందో నేనిప్పటికీ అడగలేదు. ఆవిడ దాన్ని తిట్టలేదు, నీ తప్పేమీ లేదనీ అనలేదు. కొంగు తీసి మూతి తుడుచుకుంది. మళ్ళీ అడిగింది.

"అప్పుడు నువ్వెక్కడున్నావే?"

"పక్కన. కింద కూచున్నాను."

"పట్టుకున్నావా వాణ్ణి?"

"డాడీ పట్టుకున్నారు. నా చెయ్యి. చాలా గట్టిగా." మాట కోసం వెతుక్కుంది. "వదల్లేదు. తర్వాత నొక్కడానికి నేనే విప్పాను."

"ఏ చెయ్యి?"

నా కూతురు ఎడం చెయ్యి చాపింది. చలికి వేళ్ళన్నీ ఎర్రగా కందిపోయి ఉన్నాయి. అత్తయ్య దాన్ని తన రెండు చేతుల మధ్యకి తీసుకుంది. అటు తిప్పీ ఇటు తిప్పీ చూసింది. కళ్ళకద్దుకుంది. ఆ తర్వాత చెంపకి ఆనించుకుని, కళ్ళు మూసుకుని అలాగే ఉండిపోయింది. నా కూతురు తల ఆవిడ మోకాళ్ళ మీద వాల్చి, ఆయన పోయాక మొదటిసారి పెద్దగా ఏడ్చింది.

చెయ్యి సంగతి అది నాకు చెప్పలేదు. నేను అడగాలనుకున్న వాటిలో అది లేదు. ఆఖరి మాట ఏమిటని అడిగాను గానీ, ఆఖరికి ఎవరిని పట్టుకున్నారని నాకు తట్టలేదు.

స్టవ్ కట్టేసి వచ్చి, మంచానికి ఆ చివర కూచున్నాను. అత్తయ్య ఆ చెయ్యి వదిలేదాకా, నా వంతు కోసం.